సన్మానం పంచెల కవచం

ఉద్యోగం చేసినంత కాలం నేను కూర్చునే చేశాను. సర్వే ఆఫీసులో నక్షాలు గీసే పని. ఎత్తు బల్ల, ఎత్తు స్టూలు, చేతిలో స్కేలు. ఇంటికొచ్చాక వాలుకుర్చీలో కూర్చుని డైరీ రాసుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఇలా జీవితమంతా కూర్చున్న మనిషికి, రిటైరయ్యాక, ఒక్క ఆదివారం చేత ఈటె పట్టుకుని జనం మధ్యలోంచి సిపాయిలాగా నడవాలని బుద్ధి పుట్టింది. కోరిక చిన్నదే. దానికి అడ్డు మా బావ.

బావ అంటే మా అప్ప మొగుడు. అక్కని మా వైపు అప్ప అంటాం. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాడు. క్లాసులో పిల్లలు వినలేదన్న కసి ఆయనకి ఇంకా తీరలేదు. అందుకే నరసన్నపేటలో ఖాళీగా ఉన్న పెద్దవాళ్ళని పోగేసి ఒక బృందం పెట్టాడు. ఏటా మాఘమాసంలో ఒక ఆదివారం మేమంతా గాంగరాజుల కాలం నాటి మనుషుల్లాగా బట్టలు కట్టుకుని, వంశధార రేవు నుంచి ఒడ్డునున్న పాత శివాలయం దాకా ఊరేగింపుగా వెళతాం. రాజు, మంత్రి, సిపాయిలు, బోయీలు, అందరూ ఉంటారు. అందరికీ మోకాళ్ళ నొప్పులుంటాయి. శత్రువులెవరైనా నిజంగా వస్తే ముందు మాకు కూర్చోవడానికి కుర్చీలు వెయ్యాలి.

బావ పెట్టిన నియమం ఒక్కటే, దానికి కొమ్మలే చాలా. ఎవరి బట్ట వాళ్ళు చేత్తో కుట్టుకోవాలి. మిషను కుట్టు పనికిరాదు. జిప్పు, గుండీ, ఎలాస్టిక్, పాలిస్టర్ కనిపిస్తే రేవులోంచే వెనక్కి పంపేస్తాడు. మొదటి ఏడు బావ ఒకాయన్ని లోపలి డ్రాయరు సంగతి కూడా అడిగితే, ఆయన "అది కూడా సూపించమంటావేటి, ఇక్కడే?" అని పంచె మీద చెయ్యి వేశాడు. అప్పటినుంచి తనిఖీ పైబట్టలతో ఆగిపోయింది.

రాజు వేషం బట్టల కొట్టు షావుకారుది. ఆయన్ని రాజుని చెయ్యడానికి బావ చాలా చారిత్రక కారణాలు చెప్పాడు. అసలు కారణం ఆయన పొట్ట, మెడలో గొలుసు. పైగా ఆ కాలంలో రాజులు నడుం పైన ఏమీ తొడిగేవారు కాదని బావ తేల్చాడు కాబట్టి షావుకారుకి సూదితో పనే లేదు. మంచి పంచె ఒకటి కట్టుకుని, గంధం పూసుకుని, ఎండలో మెరుస్తూ వచ్చేస్తాడు. కిందికి వెళ్ళేకొద్దీ కుట్టుపని పెరుగుతుంది. సిపాయికి అందరికంటే ఎక్కువ.

నాకు మాత్రం లేఖకుడి వేషం ఇచ్చాడు. "నువ్వెలాగూ రోజూ రాస్తావు కదరా, ఇక్కడా అదే రాసుకో" అన్నాడు. లేఖకుడు నడవడు. గుడి మెట్ల పక్కన చాప మీద తాటాకులు ముందేసుకుని కూర్చుంటాడు. పోయినేడు నేనలాగే కూర్చున్నాను. ఈటెలు పట్టుకున్నవాళ్ళు నా ముందునుంచే మెట్లెక్కారు, పిల్లలు వాళ్ళ వెనక పరిగెత్తారు, సెల్‌ఫోన్లు వాళ్ళ వైపే తిరిగాయి. నా దగ్గరికి వచ్చిన మనిషి ఒక్కతే. పక్క ఊరి ఆడమనిషి, వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"పంతులు గోరూ, మా గేదె తప్పిపోనాది. ఏ దిక్కునున్నాదో ఆకు తీసి సెప్పండి."

నేను పంతుల్ని కానమ్మా, రాజుగారి లేఖకుణ్ణి అని చెప్పాను. ఆవిడ రాజు వైపు చూసింది. "ఆయనా? ఆయన కొట్లోనే కదా నాను జాకెట్టు ముక్క కొన్నాను. మీరు సెప్పండి" అంది. వదిలేలా లేదు. తూర్పు అన్నాను. ఆవిడ దణ్ణం పెట్టి లేచి తూర్పుకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం డైరీలో, ఇక ఈ చాప మీద కూర్చోను అని రాసుకున్నాను.

దీపావళి వెళ్ళాక బావ ఇంటికి వెళ్ళి చెప్పాను. "బావా, ఈసారి నేను సిపాయి."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, నన్ను పైనుంచి కిందికి చూసి, మళ్ళీ పైకి రాకుండా పొట్ట దగ్గర ఆగాడు. "సిపాయంటే కవచముండాలిరా. ఇనపది తొడుగుతావేటి?"

"గుడి గోడ మీద చూశాను. ఛాతీ మీద అడ్డగీతలున్న బొమ్మ ఒకటుంది. అది పొరలు పెట్టి కుట్టిన కోటు."

"అవి పక్కటెముకల్రా."

"పక్కటెముకలు బొడ్డు కిందికి కూడా ఉంటాయా?"

వంటింట్లోంచి మా అప్ప నవ్వింది. బావకి నవ్వు వినిపించింది, అదే నాకు కలిసొచ్చింది. "సరే, కుట్టుకురా. ఊరేగింపు ముందురోజు వచ్చి సూస్తాను. నీ చేత్తో కుట్టాలి, ముందు వైపు మూసుకోవాలి, బొందులతో కట్టుకోవాలి. అలగుంటే సిపాయివి. నేకపోతే లేదు. ఈలోగా లేఖకుడి పని ఆ బేంకు మేనేజరుకి ఇచ్చీస్తాను, ఆయన అడుగుతన్నాడు." అంటే వెనక్కి వెళ్ళి కూర్చుందామన్నా చాప ఖాళీ లేదన్నమాట.

పొరలు పెట్టి కుట్టడం మా వైపు కొత్త విద్య కాదు. ప్రతి ఇంట్లోనూ పాత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, ఈ చివర నుంచి ఆ చివరకి వరసలుగా కుడితే బొంత అవుతుంది. నా కవచం కూడా చేతుల్లేని, ముందు తెరిచిన బొంతే. పైపొరకి పొందూరు ఖద్దరు తెచ్చాను. లోపలి పొరలకి మెత్తటి పాత నూలుబట్ట కావాలి. నా భార్యని చీరల పెట్టె తెరవమన్నాను.

"తీసుకోండి. నాకేటి బాధ?" అని తెరిచింది. నేను ఒక్కొక్కటీ తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాను. మా పెళ్ళయిన కొత్త నుంచి నిన్నమొన్నటి దాకా నేను కొని తెచ్చిన చీరలు. అన్నీ పాలిస్టరే. ఒక్క నూలు చీర లేదు.

"ఇన్నాళ్ళూ ఇవే కట్టావా?"

"మీరేటి తెస్తే అవే కట్టినాను. ఉతికితే ఆరిపోతాయని మీరే కదా మురిసిపోయేవారు."

అప్పుడు నాకు సన్మానం పంచెలు గుర్తొచ్చాయి. నేను రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు, బంధువులు, సంఘాలవాళ్ళు తలా ఒక పంచె కప్పారు. ఆ తర్వాత కూడా ఎవరు రిటైరైనా వేదిక మీద కూర్చోబెట్టి నాకొకటి కప్పుతూనే ఉన్నారు. కట్టుకుందామంటే పొట్టి, ఎవరికైనా ఇద్దామంటే అంచు మీద సంఘం పేరు. బీరువా పై అరలో దొంతరగా పడున్నాయి. అవి మాత్రం అచ్చమైన నూలు. శాలువాలు కూడా తీశాను కానీ, అగ్గిపుల్ల పెట్టి చూస్తే కరిగి ముద్దకట్టాయి. గౌరవం ఎంతవరకు నూలో ఎంతవరకు పాలిస్టరో ఆ విధంగా తేలింది.

పంచెలన్నీ ఉతికి గంజి వదలగొట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాను. తర్వాత నన్ను నేను కొలుచుకున్నాను. ఛాతీ, పొట్ట, భుజం, మెడ. పొట్ట దగ్గర ఊపిరి బిగబట్టి ఒకసారి, వదిలేసి ఒకసారి కొలిచి, వదిలేసిన కొలతే నమ్మాను. గీతలు గీయడం నా వృత్తి కాబట్టి నక్షా కాగితం మీద కవచం బొమ్మ వేసుకుని, అదే కొలతకి పొరలన్నీ కత్తిరించాను. రెండు ముందు ముక్కలు, ఒక వీపు ముక్క. అంచులు మడిచి కుట్టేశాను. ఆ పైన స్కేలు పెట్టి పెన్సిలుతో వరసలు గీశాను. పొలం గట్లయినా అంత తిన్నగా ఉండవు.

ఇక సూది. సూదిలో దారం ఎక్కించడానికే నాకు రెండు కళ్ళజోళ్ళు కావలసి వచ్చాయి. అరుగు మీద కూర్చుని కుడుతుంటే దారిన పోయేవాళ్ళంతా ఆగి పలకరించేవారు.

"ఏటి మావా, అత్తకి ఒంట్లో బాగోనేదా? నువ్వు కుడతన్నావు?"

"కవచం కుడుతున్నా."

"ఎవరి మీదకి?"

మొదటి రోజుల్లో ఒకసారి వరస పూర్తిచేసి గర్వంగా లేచేసరికి కవచంతోబాటు నా లుంగీ కూడా లేచింది. రెంటినీ కలిపి కుట్టేశాను. నా భార్య వచ్చి చూసి, "అలాగే ఎల్లండి, శత్రువులు సూసి పారిపోతారు" అంది. ఆ వరస మొత్తం విప్పాను. అప్పటినుంచి ఒళ్ళో పీట పెట్టుకుని కుట్టాను.

ముందు ముక్కలు రెండూ నేనే కుట్టాను. సంక్రాంతి వెళ్ళిపోయింది, వీపు ముక్క ఇంకా అలాగే ఉంది. వేలి చివర తూట్లు పడి ముద్ద కలపడానికి కూడా మంటగా ఉండేది. నా భార్య కొన్ని రోజులు చూసి ఊరుకుంది. ఆ తర్వాత ఊరుకోలేదు.

"మీ సిపాయి యుద్ధానికి ఎల్లేసరికి రాజు సచ్చిపోతాడు. ఇటివ్వండి."

"బావ ఒప్పుకోడు. ఎవరిది వాళ్ళే కుట్టాలి."

"అన్నయ్యకి ఎవరు సెప్తారు? సూది సెప్తాదా?"

వీపు ముక్క తీసుకుని నా పెన్సిలు గీతల వైపు కూడా చూడకుండా మొదలుపెట్టింది. చేతికి వచ్చినట్టు, చిన్న చిన్న కుట్లు, సీరియల్ చూస్తూ. నేను గీత తప్పుతోందని రెండుసార్లు చెప్పాను. మూడోసారి సూది నా వైపు తిప్పింది. వీపు అయిపోయాక పక్కలు కలిపింది, బొందులు చుట్టి బిగించింది. మా అప్ప ఒక మధ్యాహ్నం వచ్చి కుట్టు తడిమి చూసి, "అబ్బ, ఎంత దిట్టంగా ఉన్నాది! సలికాలానికి నాక్కూడా ఒకటి కుట్టరాదేటే?" అని మెచ్చుకుంది. ఎవరికీ ఏ లోపమూ కనిపించలేదు.

బావ వచ్చే రోజు పొద్దున్న మొదటిసారి తొడిగి చూసుకున్నాను. భుజాల మీద సరిగ్గా కూర్చుంది. ముందుకి లాగాను. రాలేదు. ఇంకా లాగాను. రెండు అంచుల మధ్య నా అరచెయ్యంత ఖాళీ, ఆ ఖాళీలో బనీను, బనీను వెనక నేను.

టేపు తెచ్చి కవచాన్ని కొలిచాను. నక్షాలో ఉన్న కొలత కవచంలో లేదు. చాలాసేపు నా లెక్క తప్పిందనుకున్నాను. తప్పింది లెక్క కాదు. పొరల మీద కుట్టు వేసినప్పుడల్లా దారం బట్టని కొద్దిగా దగ్గరికి లాక్కుంటుంది. వరస వెంట వరస కుట్టేసరికి మొత్తం ముడుచుకుంటుంది. ముందు కుట్టి, ముడుచుకున్నాక కొలిచి కత్తిరించాలి. నేను ముందే కొలతకి కోసి, అంచులు కూడా మూసేసి, ఆ తర్వాత కుట్టాను.

"నీకు తెలీదా?" అని నా భార్యని అడిగాను. "ఎన్ని బొంతలు కుట్టావు!"

"బొంతకి కొలతేటండీ? చీరెంతుంటే బొంతంత. తగ్గితే కాళ్ళు ముడుసుకుని తొంగుంటాం. బొంతని ఎవులైనా తొడుక్కున్నారేటి ఇంతవరకు?"

అదీ నిజమే. మా ఇళ్ళలో ఇన్ని తరాలుగా బొంతలు కుట్టారు, కుట్టాక ఎంత తగ్గిందని ఒక్కరూ కొలిచి ఉండరు. ముక్కేసి పొడిగిద్దామంటే ఖద్దరు మిగల్లేదు. కుట్లు విప్పడానికి టైము లేదు. ఊపిరి బిగబట్టి ఇంకోసారి ప్రయత్నించాను. ఒక బొందు తెగింది. నా భార్య గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టి, నవ్వు ఆగక అక్కడే కూర్చుండిపోయింది. నాకు నవ్వు రాలేదు. మూడు నెలలుగా రాత్రి పడుకోబోయే ముందు ఈటె పట్టుకుని మెట్లెక్కుతున్నట్టు ఊహించుకుంటూ ఉన్నాను. ఆ మాట ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు, ఆ రోజు మొహం చూసి తెలుసుకున్నట్టుంది. నవ్వు ఆపి, తెగిన బొందు తీసుకుని కుట్టింది. కుట్టాక, బొందు నిలుస్తుందో లేదో చూడటానికి కవచం తనే తొడిగి ముందు ముడేసి లాగింది.

నిలిచింది. బొందే కాదు, కవచమూ నిలిచింది. ముందు రెండు అంచులూ ఒకదాన్నొకటి తాకి, భుజం నుంచి నడుం దాకా ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఆమెకి సరిపోయింది. చీర మీద తొడిగినా సరే. అద్దం ముందుకు వెళ్ళింది. పక్కకి తిరిగి చూసుకుంది. మూల నిలబెట్టిన నా ఈటె తీసుకుంది. వెదురుకర్రకి చివర వెండి రంగు పూసిన చెక్క. దాన్ని నేల మీద ఒకసారి కొట్టింది.

సరిగ్గా అప్పుడు బావ లోపలికొచ్చాడు.

"ఇదేటి సెల్లెమ్మా?"

"మీరే కదా అన్నయ్యా తనికీకి వస్తానన్నారు. సూడండి."

బావ కళ్ళజోడు సర్దుకుని కవచం చుట్టూ తిరిగాడు. ముందు వైపు చూసి తలూపాడు. వీపు వైపు వచ్చి ఆగిపోయాడు. ముందు కుట్లు పొడుగ్గా, తిన్నగా, కొలిచినట్టున్నాయి. వీపు కుట్లు చిన్నవిగా, దగ్గరగా, నీటి అలల్లాగా వంకర పోయాయి.

"ఒరే, ఇది ఇద్దరు కుట్టినారు."

నేను నోరు తెరిచేలోపు నా భార్య అందుకుంది. "ముందు ఆయన, ఎనక నాను. పక్కలు నాను, బొందులు నాను. సగం కన్నా ఎక్కువ నాదే. కుట్టినోళ్ళే తొడుక్కోవాలని కదా మీ రూలు? ఆయనకి పట్టనేదు, నాకు పట్టినాది."

"ఆ కాలంలో ఆడ సిపాయిలు..."

"గోడ మీదున్నోళ్ళకి ముక్కులూ మూతులూ అరిగిపోనాయి. ఆడో మగో మీకెలా తెలుస్తాది?"

బావ నా వైపు చూశాడు, కాపాడమన్నట్టు. నేను ఆమె వైపు చూశాను. ఏటా ఊరేగింపు రోజు ఆమె, మా అప్ప తెల్లవారకముందే లేచి అందరికీ పులిహోర కలిపి, ఆటోలో గుడికి తెచ్చి, అరిటాకులు కడుక్కుంటూ వెనక కూర్చుంటారు. ఊరేగింపు మెట్లెక్కడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు. నేను చాప మీద కూర్చుని చూడాల్సి వచ్చిందని ఏడుస్తున్నాను, ఆమెకి చాప కూడా లేదు. ఈ సంగతి ఈటెతో ఆమె నేల మీద కొట్టేదాకా నాకు తట్టలేదు. అయినా ఆ క్షణాన నాకు ఆమె మీద జాలి కంటే అసూయే ఎక్కువ కలిగింది. అదీ డైరీలో రాశాను.

"రూలు రూలే బావా" అన్నాను. ఎలా అన్నానో మరి.

"మరి నువ్వేటవుతావురా? చాప కూడా నేదు."

"పులిహోర మోస్తాను."

మర్నాడు మోశాను. పైన కండువా, కింద మోకాళ్ళ పైకి కట్టిన సన్మానం పంచె, భుజం మీద కావడి, రెండు వైపులా పులిహోర గుండిగలు. రేవులో బావ ఒక్కొక్కరి కుట్లూ తిప్పి చూస్తూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. చూడ్డానికి నా ఒంటి మీద కుట్టే లేదు. "గోడ మీద కావడి మోసేవాడు అచ్చం ఇలాగే ఉంటాడు. ఇంతమందిలో సరైన వేషం నీదే" అన్నాడు. ఆయన వెక్కిరించలేదు, అదే నాకు ఇంకా మండింది. రాజు పక్కనే ఉండి, "ఆకలేస్తన్నాది గురూ, ఆ మూత తియ్యవా?" అని నాతో గుసగుసలాడాడు.

కావడి మోసేవాడు అందరికంటే వెనక నడవాలి. ఊరేగింపంతా నాకు వీపులే కనిపించాయి. ముందు వరసలో సిపాయిల మధ్య నా భార్య వీపు, దాని మీద అలలు అలలుగా ఆ కుట్లు. పిల్లలు ఆమె వెనకే పరిగెత్తారు. "ఏ ఆడ సిపాయి, ఇటు సూడు!" అని ఒకడు అరిస్తే ఈటె తిప్పి వాణ్ణి తరిమింది. మెట్ల దగ్గర బేంకు మేనేజరు తాటాకులు పట్టుకుని చాప మీద కూర్చున్నాడు. ఆయన ఎదురుగా పోయినేటి ఆడమనిషి గొంతుక్కూర్చుని ఉంది.

"మీరు వద్దండి, పోయినేడు కూకున్న పంతులు గోరేరీ? ఆయన సెప్పిన దిక్కునే మా గేదె దొరికినాది. ఇప్పుడు దూడ పోనాది."

నేను కావడి దించకుండా తల వంచుకుని పక్కనుంచి మెట్లెక్కేశాను.

పైన మండపంలో నా భార్య స్తంభానికి జారబడి ఉంది. పొరల వెంట పొరలు, మధ్యాహ్నం ఎండ. మొహం ఎర్రగా కందింది, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. "నీల్లియ్యండి. ఇది కవచం కాదు, కుంపటి" అంది. చెంబు అందించాను. గటగటా తాగి, ఈటె నాకిచ్చి, "కాసేపు పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. కింద జనం అప్పటికే పులిహోర గుండిగల వైపు మళ్ళిపోయారు. ఎవరూ పైకి చూడలేదు. అయినా నేను నిటారుగానే నిలబడ్డాను.

"బాగున్నాదా?" అంది.

"ఏది?"

"పట్టుకోడం."

బరువుగా ఉంది అన్నాను. ఆమె కవచం విప్పి పక్కన పడేసి విస్తరి ముందేసుకుంది.

ఇప్పుడు మా ముందుగదిలో నేలంతా ఒక బొంత పరిచి ఉంది. కొత్త ఖద్దరు, మిగిలిన పంచెలు, బావ ఇచ్చిన తన సన్మానం పంచెలు కూడా. ఈ చివర నుంచి నేను స్కేలు పెట్టి, ఆ చివర నుంచి ఆమె చేతికొచ్చినట్టు కుట్టుకుంటూ వస్తున్నాం. కుట్టు మొత్తం అయ్యేదాకా కత్తెర తాకకూడదని ఆమె దాన్ని పప్పుల డబ్బాలో దాచింది. కొలత ఆఖర్న తీసుకుంటాం. అప్పటికి నా పొట్ట ఎంతుంటుందో దాని ఇష్టం.